విప్పని పరుపులు

ఆ రోజు ఉదయం నా చేతిలో ఉన్నవి ఇవి. ఒక చెక్క పడవ, దాన్ని నడిపే సరంగు, మూతకు ఇనుప పట్టీ బిగించే ప్లాస్టిక్ పీపాలు ముప్పై నాలుగు, సరఫరా ఒప్పందంలో మిగిలిన పదకొండు నెలలు, నా మాట మీద మా అక్క కూతురికున్న నమ్మకం. చివరిదాన్ని నేను ఆస్తి కింద ఎప్పుడూ లెక్క వేసుకోలేదు. ఖర్చు లేకుండా వచ్చినవాటిని లెక్కలో రాసే అలవాటు నాకు లేదు.

మా అక్క కూతురు ఉద్యోగం పిట్టలను లెక్కపెట్టడం. రేవు నుంచి పద్దెనిమిది గంటలు పడవలో వెళితే నడిసముద్రంలో పగడపు దిబ్బ ఒకటి ఉంగరంలా చుట్టుకొని ఉంటుంది. ఉంగరం లోపల ఆకుపచ్చటి మడుగు. ఒక అంచున అర కిలోమీటరు పొడవున ఇసుక తిన్నె. ఆ చుట్టుపక్కల వల వేయకూడదు, లంగరు దింపకూడదు, గవ్వ కూడా ఏరుకోకూడదు. తిన్నె మీద స్తంభాలపై కట్టిన రెండు గదుల ఇల్లు. అందులో ఇద్దరు కాపలాదార్లు, ఈ పిల్ల. ఇరవై ఐదు రోజులకోసారి వాళ్లకు మంచినీళ్లు, పిండి, దుంపలు, డీజిలు చేర్చే పని నాది.

మొదటిసారి వెళ్లినప్పుడు నేను ఉండబట్టలేక అడిగాను. "ఇంత సముద్రానికి తాళం వేసి కూర్చుంటే ఎవరికే లాభం?"

అది నా భాషలోనే జవాబిచ్చింది. "పిట్టలు ఎక్కడెక్కడో వేటాడి వచ్చి ఇక్కడ రెట్ట వేస్తాయి మావయ్యా. వానకి అది మడుగులోకి దిగుతుంది. దాంతో నాచు పెరుగుతుంది, పగడం పెరుగుతుంది, చేప బలుస్తుంది. ఆ చేప పెట్టిన గుడ్లు నీటివాలుకి మన ఒడ్డుదాకా కొట్టుకొస్తాయి. అంటే పెట్టుబడి పిట్టలది, తయారీ దిబ్బది. నువ్వు రేవులో కుర్చీ వేసుకుని అమ్ముకుంటావు."

ఐసు పెట్టెల్లో చేప అమ్మేవాణ్ని కాబట్టి ఆ మాట నాకు బాగా ఎక్కింది.

అక్కడి పిట్టలు చెట్టెక్కవు. ఇసుకలో చిన్న గుంట చేసి అందులోనే గుడ్డు పెడతాయి. నేల మీద పళ్లున్న జంతువు తిరుగుతుందని వాటి తాతముత్తాతలకు కూడా తెలియదు. కొన్ని జాతులైతే పొదుగుతున్నప్పుడు ఒంటిని కొరుకుతున్నా లేవవట. అందుకే ఆ తిన్నెకు అన్నిటికంటే పెద్ద భయం తుఫాను కాదు, దొంగ వల కాదు, ఎలుక. కడుపుతో ఉన్నది ఒక్కటి ఒడ్డెక్కితే చాలు. రెండేళ్లలో గుడ్లు ఉండవు, పిల్లలు ఉండవు. ఆ తర్వాత పిట్టలూ రావు, దిబ్బకు తిండీ ఉండదు.

కాబట్టి సరుకు కట్టడానికి ఒక పద్ధతి పెట్టారు. రేవులో తలుపులు బిగుతుగా మూసుకునే గది ఒకటి ఉంది. అందులో తెల్లటి గుడ్డ పరిచి, ప్రతి మూటనూ దాని మీద కుమ్మరించి, చూసి, పీపాల్లో పోసి మూత బిగించాలి. గోనె సంచీ వెళ్లకూడదు, అట్టపెట్టె వెళ్లకూడదు. పీపాలో పట్టని వస్తువు ఏదైనా ఉంటే పూర్తిగా విప్పి, దులిపి, మళ్లీ చుట్టి ప్లాస్టిక్ తొడగాలి. దానికి కట్టే చీటీ మీద 'విప్పి చూశాను' అని అచ్చు వేసి ఉంటుంది. కింద సంతకం నాది.

ఆ నెల మూడు పరుపులు కావాలన్నారు. పాతవి ఉప్పుగాలికి కుళ్లిపోయాయట. నా గోదాములో సరిగ్గా మూడు పరుపులు ఉన్నాయి. ఒక లాడ్జీవాడు చెప్పి, తీసుకోకుండా వదిలేసినవి. చుట్టలు చుట్టి గోనె కుట్టిన పరుపులు, ఎనిమిది నెలలుగా మూలన నిలబడి ఉన్నాయి. సరుకులో లోపం లేదు. విప్పితే మాత్రం అంచున పసుపు మరక కనిపిస్తుంది, పాతదని తెలిసిపోతుంది. కట్టు విప్పనంత కాలం ఏ సరుకైనా కొత్తదే అని నేను ముప్పై ఏళ్లుగా వ్యాపారం చేశాను. మూసిన గదిలో నేనొక్కణ్నే ఉన్నాను. పోటు తగ్గేలోపు పడవ కదలాలి. గోనె మీదనే కొత్త ప్లాస్టిక్ తొడిగి, టేపు చుట్టి, మూడు చీటీల మీదా సంతకం పెట్టేశాను.

మర్నాడు ఉదయం ఏడు కావస్తుండగా దిబ్బ బయట తేలే బుంగకు పడవను కట్టాం. లంగరు పడితే పగడం విరుగుతుందని అక్కడ ఆ బుంగలు వేసి ఉంచారు. మడుగులోకి దారి సన్నం. పోటు మీద ఉన్నప్పుడు చిన్న పడవ ఒక్కటే వెళ్లగలదు. దాన్ని నడుపుకుంటూ కాపలాదారు వచ్చాడు. అతన్ని అందరూ రేడియో అంటారు. నోరు మూతపడదు.

"షావుకారు గారూ, పరుపులు తెచ్చారా, వచ్చే నెలా అంటారా?"

"తెచ్చానయ్యా. నీ నడుం మీద ఒట్టు."

"అది పోయి చాలా కాలమైంది. ఉన్నదాని మీద ఒట్టేయండి."

"నీ నోరుంది కదా!" అన్నాడు సరంగు. "దానికి చావు లేదు."

రేడియో పీపాలను తర్వాత తీసుకుంటానని చెప్పి, ముందు మూడు పరుపులనూ చిన్న పడవలోకి దించుకొని వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నమే పడుకొని చూడాలని అతని ఆత్రం.

పరుపులు నిలబెట్టిన చోట సరంగు చీపురు వేశాడు. వేసినవాడు ఆగిపోయాడు.

"షావుకారూ, ఇటు రండి."

చెక్కల సందున ప్లాస్టిక్ తునకలు, గోరుతో గిల్లినంత సన్నగా. వాటి మధ్య నల్లటి పెంటికలు ఏడో ఎనిమిదో. తాజావి. ముప్పై ఏళ్లు గోదాము నడిపినవాడికి అవేమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు.

గడియారం చూసుకున్నాను. ఏడూ పద్నాలుగు.

అప్పుడు నేను చేయాల్సిన పని ఒక్కటే. వాకీటాకీ మీట నొక్కి ఆగమని చెప్పాలి. చిన్న పడవ ఇంకా మడుగు దారిలోనే ఉంది. రేడియో వీపు కనిపిస్తూనే ఉంది. నేను నొక్కలేదు. లెక్క మొదలుపెట్టాను. చెబితే పదకొండు నెలల ఒప్పందం పోతుంది. ఒక్కసారి పేరు పోతే రేవులో మిగతా బేరాలూ తగ్గుతాయి. చెప్పకపోతే? ఎలుక దారిలోనే నీళ్లలో పడిపోయి ఉండొచ్చు. పడవలోనే ఎక్కడో నక్కి ఉండొచ్చు. లెక్కలో 'ఉండొచ్చు'లు ఎక్కువైనప్పుడు నేను ఏ బేరమూ చేయను. ఆ రోజు మాత్రం వాటినే ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ నిలబడ్డాను.

"ఏం చేద్దాం?" అన్నాడు సరంగు.

"ఆగు."

"నేనాగుతా. అది ఆగుతుందా?"

చిన్న పడవ ముక్కు ఇసుకను తాకింది. రేడియో, రెండో కాపలాదారు కలిసి చుట్టలను ఒక్కొక్కటే ఒడ్డుకు మోశారు. అడుగు పడ్డ చోటల్లా పిట్టలు తెల్లగా లేచి మళ్లీ వాలుతున్నాయి. వేలకు వేలు. వాటి గోల అంత దూరం నుంచి కూడా వినిపిస్తోంది.

మీట నొక్కేసరికి ఏడూ ఇరవై.

"అమ్మాయ్, పరుపులు ఎక్కడున్నాయి?"

"ఇసుక మీద దించారు. ఇప్పుడే. ఏం మావయ్యా?"

"ముట్టుకోవద్దు. ఇక్కడ ఎలుక పెంటికలు కనిపించాయి."

దాని గొంతు చాలా నెమ్మదిగా వచ్చింది.

"ఒక్క సంగతి చెప్పు. చీటీల మీద నీ సంతకం ఉంది. విప్పి చూసి కట్టి ఉంటే ఎలుక పరుపులోది కాదు, నీ పడవది. ఇప్పుడూ పడవలోనే ఉండుంటుంది. అలాగైతే మేం వీటిని ఇంట్లో పడేసి నీ పడవ వెతకడానికి రావాలి. విప్పకుండా కట్టి ఉంటే నేనిక్కణ్నించి అడుగు కదపకూడదు. నువ్వు విప్పావా?"

సరంగు నా మొహంలోకి చూస్తూ విప్పానని చెప్పమన్నట్టు తల ఊపాడు. పాపం, నా ఉప్పు తింటున్నవాడు. ఆ ఒక్క మాటతో ఒప్పందం నిలబడుతుంది. తప్పు పడవ మీదికి పోతుంది. పడవలో ఎలుక ఉండటం ఎవరూ పెద్ద నేరంగా చూడరు. మా పిల్ల మాత్రం ఇల్లు ఖాళీ చేసి, పరుపులు లోపల పెట్టుకొని, నా పడవలోకి వచ్చి వెతుకుతుంది.

"విప్పలేదు," అన్నాను. "ఎనిమిది నెలలుగా గోదాములో ఉన్నాయి. మూడింటిలో ఒక్కటీ విప్పలేదు."

"సరే," అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

దుర్భిణిలో చూస్తూ నిలబడ్డాను. నడుమెత్తు ప్లాస్టిక్ పట్టను చుట్టల చుట్టూ గోడలా నిలబెట్టారు. రేడియో నోరు కదలడం లేదు. నేను ఎరిగిన రెండేళ్లలో అదే మొదటిసారి. మొదటి చుట్ట విప్పారు, ఏమీ లేదు. రెండోదాంట్లోనూ లేదు. మూడో దాని పక్కన మా పిల్ల మోకాళ్ల మీద కూర్చుంది. చాలాసేపు లేవలేదు.

వాకీటాకీ పలికింది. "గూడుంది. పిల్లలు ఐదు, కళ్లు తెరవలేదు. తల్లి లేదు. ప్లాస్టిక్‌కి నిమ్మకాయంత కన్నం ఉంది."

తల్లి నా పడవలో ఉండాలి, లేదా ఆ తిన్నె మీద ఉండాలి. మూడో చోటు లేదు.

"ఒడ్డున దించి ఎంతసేపైంది?" అన్నాను.

"దించాక మేం పడవ లాగడానికి వెళ్లాం. రెండు మూడు నిమిషాలు వాటి దగ్గర ఎవరూ లేరు."

నేను మింగేసిన ఆరు నిమిషాల్లోవే అవి.

"అమ్మాయ్, ఆ పిల్లల్ని చంపొద్దు. నాకో ఉపాయం ఉంది. రెంటిని డబ్బాలో పెట్టి ఇక్కడికి పంపు. నన్ను అటు రానీ."

రేడియో వచ్చి డబ్బా ఇచ్చాడు. అడుగున గుడ్డ పరిచిన ఖాళీ పీపాలో పిల్లలు రెంటినీ పెట్టి, పీపా అంచుకు జానెడు ఎడంగా పలకను ఏటవాలుగా ఎలా నిలబెట్టాలో సరంగుకు చూపించాను.

"నన్ను పురుడు పొయ్యమంటారా?" అన్నాడు వాడు.

"కూత వినిపిస్తుండాలి. అంతే. నువ్వు పైన కదలకుండా కూర్చో."

ఒడ్డు మీద రేడియో అడుగులో అడుగు వేసుకుంటూ నడిచాను. రెండు వైపులా గుడ్లే. ఇసుక రంగు మీద నల్లటి చుక్కలు. పొదుగుతున్న పిట్టలు ముక్కులు ఎత్తి నా పిక్కల మీద పొడుస్తున్నాయి కానీ లేవడం లేదు. లేవకపోవడమే నాకు భయం వేసింది.

మా పిల్ల బోనులు పెడుతోంది. పన్నెండు.

"ఇలా చూడవే," అన్నాను.

"పనిలో ఉన్నా."

"బోనులు పనిచేయవు. ఆ శంఖుపీతలు చూడు, ఎన్ని పాకుతున్నాయో. చీకటి పడేలోపే అన్నిటినీ అవే మూసేస్తాయి."

"తెలుసు. విషం పెడితే పీతలూ పోతాయి, పిట్టలూ పోతాయి. ఇంకేం చేయను?"

"తల్లి పిల్లల కూతకు వస్తుంది. ఎంత దూరం నుంచైనా వస్తుంది. ఛాతీ ఎత్తు పీపా, లోపల నున్నగా ఉంటుంది, దిగితే ఎక్కలేదు. పలక చివరకీ పీపా అంచుకీ జానెడు ఎడం ఉంచు. పీత దూకలేదు, ఎలుక దూకుతుంది. మా గోదాములో ముప్పై ఏళ్లుగా వాటితో కాపురం చేస్తున్నా."

"బాగానే చేశావు కాపురం," అంది. "పిల్లలు కూడా కలిగారు."

మాట చురుక్కుమన్నా, అన్నందుకు లోపల సంతోషించాను.

పీపా నిలబెట్టి మిగతా మూడు పిల్లలనూ అందులో దించాం. ఆ తర్వాత నలుగురం చెక్కలతో ఇసుకను చదును చేశాం, ఏది నడిచినా అడుగు పడేలా. చుట్టూ ఇరవై బారల మేర ఇసుకను పలకలా చేసేసరికి పొద్దు వాలింది. దీపం వెలిగిస్తే పిట్టలు బెదురుతాయని అక్కడ వెలిగించరు. చూసేందుకు వీలు లేదు, నడిచేందుకు వీలు లేదు. నిచ్చెన ఎక్కి ఇంట్లో కూర్చున్నాం. నేను వాళ్ల పాత పరుపు మీద కూర్చున్నాను. నిజంగానే కుళ్లిపోయింది.

తొలి వెలుగు పడగానే దిగాం. పన్నెండు బోనులూ మూసుకుపోయి ఉన్నాయి. పన్నెండింటిలోనూ పీతలే. చదును చేసిన ఇసుక మీద వాటి గీతలు అల్లుకుపోయి ఉన్నాయి. మా పిల్ల వంగి నడుస్తూ ఒకచోట ఆగి వేలు పెట్టి చూపించింది. చిన్న చిన్న అడుగులు, మధ్యలో తోక ఈడ్చిన గీత.

అది ఒడ్డెక్కింది.

గీత వెంబడి వెళ్లాం. పొదల మొదట్లో నుంచి బయలుదేరి ముందు గూళ్ల వైపు వెళ్లింది. ఒక గుంట దగ్గర గుడ్డు పగిలి ఉంది. లోపల ఏమీ మిగల్లేదు. పిట్ట ఆ పెంకుల పక్కనే కూర్చొని ఉంది. అక్కడి నుంచి గీత వెనక్కి తిరిగింది. వంకర లేకుండా తిన్నగా పలక మొదలుకు వచ్చి ఆగిపోయింది. పలక మీద నుంచి దిగిన అడుగు లేదు.

"నువ్వు చూడు," అంది మా పిల్ల.

పీపాలోకి తొంగిచూశాను. అడుగున, మూడు పిల్లల మీద ఒళ్లు పరుచుకొని, తల ఎత్తి నన్నే చూస్తోంది.

మిగిలిన పని మా పిల్లే చేసింది. నన్ను అవతలికి పొమ్మంది. కాసేపటికి వచ్చి పాలిచ్చే తల్లేనని, కడుపులో ఇంకేం లేవని చెప్పింది. పడవ మీద పీపాలో రెండు పిల్లలు తప్ప ఇంకేమీ చేరలేదని సరంగు చెప్పాడు.

"మగదో?" అంది.

"గోదాములోనే ఉండుంటుంది."

"ఉండుంటుంది అంటే కుదరదు మావయ్యా."

నిజమే. అలాంటివి నిన్న చాలానే పేర్చాను. ఐదు రోజులు అక్కడే ఉన్నాను. రోజూ సాయంత్రం ఇసుక చదును చేయడం, ఉదయం చదవడం. పంటిగాటు పడితే తెలిసేలా మైనపు దిమ్మలు తిన్నె పొడవునా పెట్టాం. పీతల గీతలు, పిట్టల గీతలు, ఒక ఉదయం గుడ్లు పెట్టి వెళ్లిన తాబేలు గీత. ఐదు రోజుల్లో ఇంకేమీ రాలేదు.

బయలుదేరే ముందు అది నివేదిక రాస్తోంది. "వాకీటాకీలో చెప్పింది ఏడూ ఇరవైకి. చూసిందెప్పుడు?"

సరంగు పక్కనే ఉన్నాడు. "అప్పుడే చూశామమ్మా, చూడగానే..."

"ఏడూ పద్నాలుగుకి," అన్నాను.

కలం ఆగింది. అది తల ఎత్తి నన్ను చూసింది. వచ్చిన తర్వాత సూటిగా చూడటం అదే మొదటిసారి. తర్వాత ఆ అంకె రాసుకుంది.

ఇక లెక్క. మూడు పరుపులనూ రేవులో తగలబెట్టాను. ఒప్పందం వారంలో రద్దయింది, వేరేవాడికి ఇచ్చారు. వాడికి మాత్రం ఒక షరతు పెట్టారు. మూసిన గదిలో సరుకు విప్పి చూసే పనికి, ఎలుక ఎక్కడ దాక్కుంటుందో తెలిసినవాణ్ని రోజుకూలికి పెట్టుకోవాలట. షరతు రాసింది మా పిల్ల. ఇప్పుడు నెలకు రెండు రోజులు తెల్లగుడ్డ మీద ఇంకొకడి మూటలు కుమ్మరిస్తున్నాను. చీటీ మీద సంతకం మళ్లీ నాదే. అక్కడ మా పిల్ల నా సంతకం ఉన్నవాటిని మళ్లీ విప్పి చూస్తోందని రేడియో చెప్పాడు. చూడనీ. ఆ పద్దు ఇంకా తీరలేదు.

ఆరు నెలల తర్వాత దాని ఉత్తరం వచ్చింది. మైనపు దిమ్మల మీద పంటిగాట్లు లేవు. ఆ ఏడాది పోయిన గుడ్లలో పీతలు తిన్నవి, ఆటుపోట్లకు కొట్టుకుపోయినవి, ఎండకు చెడినవి వేరువేరుగా రాసింది. ఎలుక తిన్నది అనే గడిలో ఒకటి. ఎగిరి వెళ్లిన పిల్లలు రెండువేల నూట నలభై మూడు.